ఒకింటివాళ్ళు

ఇరవై రెండేళ్ళు బడిలో గంట కొట్టాడు కనుక పిల్లలు అతనికి గంటయ్య అని పేరు పెట్టారు. పేరు పెట్టిన పిల్లలే పెద్దవాళ్ళై, పెళ్ళిళ్ళై, తమ పిల్లలను అదే బడిలో చేర్పించడానికి వచ్చి, "గంటయ్యా, ఇంకా ఇక్కడే ఉన్నావా?" అని ఆశ్చర్యపోయేవాళ్ళు. అతను నవ్వి ఊరుకునేవాడు. ఇంకెక్కడికి పోతాడు? ఆఫీసు గది బయట స్టూలు, స్టూలు పక్కన గంట, నడుముకు తాళాల గుత్తి. అదీ అతని రాజ్యం.

ఆ నవ్వును నమ్మనిది ఒక్క మనిషే. ఆ బడి ఆయా. గదులు ఊడ్చేది, తుడిచేది, చిన్న తరగతుల పిల్లల ముక్కులు కూడా తుడిచేది. అతనికంటే తొమ్మిదేళ్ళు పెద్ద. అతను ఉద్యోగంలో చేరిన రోజు ఏ తాళం ఏ గదిదో దగ్గరుండి చూపించింది ఆవిడే. "అలాగే అక్కా" అన్నాడు. అంతే, ఆ పూట నుంచి ఆవిడ అక్క, అతను తమ్ముడు. తోడబుట్టినవాళ్ళైతే ఆస్తి పంపకాల దగ్గర మొహాలు తిప్పుకుంటారు. వీళ్ళిద్దరికీ ఆ భయం కూడా లేదు. పంచుకోవడానికి ఉన్నది ఒక చీపురు, ఒక గంట.

గంటయ్యకు ఒక జబ్బు ఉండేది. చాక్‌పీసులు ఇవ్వడానికి ఏ తరగతికి వెళ్ళినా, బోర్డు మీద లెక్క ఉంటే చాలు, కాళ్ళు కదిలేవి కావు. మనసులో చేసేసుకుని, జవాబు సరిపోతే సంతోషంగా, సరిపోకపోతే పంటి కింద రాయి పడ్డట్టు బయటికి వచ్చేవాడు. అక్క అది ఎన్నాళ్ళనుంచో చూస్తోంది.

"ఇంటర్‌తో ఎందుకు ఆపేశావు తమ్ముడూ?" అంది ఒకరోజు.

"ఇంట్లో కుదర్లేదక్కా."

"ఇప్పుడు కుదురుతుందిగా. చదువు."

"ముప్పై ఆరేళ్ళు నాకు. నలుగురూ నవ్వుతారు."

"ఇప్పుడు మాత్రం దండలు వేస్తున్నారా ఏంటి? ఎటూ నవ్వేవాళ్ళే. చదువుకుంటే నవ్వనీ."

అలా మొదలైంది. దూరవిద్యలో డిగ్రీ అయ్యేసరికి నలభై ఒకటి. ఆ తరువాత టీచరు ట్రైనింగు. క్లాసులకు వెళ్ళవలసిన రోజుల్లో గంట అక్క కొట్టేది. అతని పనీ, తన పనీ రెండూ నెత్తిన వేసుకుని, ఎవరైనా అడిగితే, "ఇప్పుడే బయటికి వెళ్ళాడండీ, వచ్చేస్తాడు" అనేది. ఆ 'ఇప్పుడే' రెండేళ్ళు సాగింది.

ట్రైనింగులో పాఠం చెప్పి చూపించాలి. జన్మలో నలుగురి ముందు నోరు విప్పనివాడు గంటయ్య. అద్దం ముందు చెప్పుకుంటే నత్తి వచ్చేది. "నాకు చెప్పు" అంది అక్క. సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక ఖాళీ తరగతిలో మొదటి బెంచీలో కూర్చునేది. చిన్నపిల్లల బెంచీ కనుక మోకాళ్ళు పట్టేవి కావు, పక్కకు తిరిగి కూర్చునేది. చీపురు గోడకు ఆనించేది. మూడో తరగతితో చదువు ఆగిన మనిషి.

ఒక సాయంత్రం భిన్నాలు. సగానికీ, మూడో వంతుకీ కూడిక. బోర్డు మీద రాసి, "ఇప్పుడు పై అంకెలు రెండూ, కింది అంకెలు రెండూ విడివిడిగా కలిపేశామనుకోండి, ఐదింట రెండు వస్తుంది, అది తప్పు" అని పుస్తకంలో ఉన్నట్టే అప్పజెప్పాడు.

"ఎందుకు తప్పు?"

"నియమం అక్కా అది."

"నియమం సరే. నాకు అర్థం కావాలిగా." ఆవిడ కాసేపు బోర్డు వంక చూసింది. "ఐదింట రెండంటే సగం కూడా లేదు కదూ? సగానికి ఇంకొంచెం కలిపితే పెరగాలి గాని, తగ్గిందేంటి తమ్ముడూ?"

గంటయ్య చేతిలో చాక్‌పీసు అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళుగా లెక్కలు చేస్తున్నాడు, ఈ ముక్క అతనికి ఎప్పుడూ తట్టలేదు. కాగితం మడిచాడు, చించాడు, ఆరు ముక్కలు చేశాడు, బెంచీ మీద పరిచాడు. మూడు ఆరోవంతులు సగం, రెండు ఆరోవంతులు మూడో వంతు. ఆవిడ వేలితో ముక్కలు జరిపి జరిపి చూసింది. చివరికి చప్పట్లు కొట్టినంత పని చేసింది.

"ఓహో! కిందివాళ్ళు ఒకింటివాళ్ళయితే గాని పైవాళ్ళు కలవరన్నమాట!"

పాఠం చెప్పడమంటే ఏమిటో అతను ఆ సాయంత్రమే నేర్చుకున్నాడు. నేర్పింది మొదటి బెంచీ.

నలభై ఆరో ఏట అతనికి లెక్కల మాస్టారుగా ఆర్డరు వచ్చింది. ఊరికి అవతలి కొసన ఉన్న బడి. ఆఖరి రోజు తాళాల గుత్తి అక్కకే అప్పగించాడు.

"ఇకమీదట నిన్ను సార్ అనాలా ఏంటి?" అందావిడ.

"అంటే నీతో మాట్లాడను" అన్నాడు.

అన్నది అతనే. ఇది బాగా గుర్తు పెట్టుకోవాలి మనం. అతను మరిచిపోయాడు కనుక.

కొత్త బడి స్టాఫ్ రూములో అతని పక్క కుర్చీ సోషల్ మాస్టారిది. మనిషి మంచివాడే, కాని నోరు మాత్రం తెరిచిన గొడుగు, ముయ్యడం తెలియదు. మొదటి రోజే అడిగాడు.

"ఇంతకు ముందు ఎక్కడ చేశారు సార్?"

"మన డిపార్ట్‌మెంటేనండీ. ఆఫీసు సైడు."

పూర్తిగా అబద్ధమని అనలేం. ఆఫీసు గదికి ఒక సైడు స్టూలు వేసుకునే కూర్చున్నాడు ఇరవై రెండేళ్ళు.

"అలాగా! సూపరింటెండెంటా?"

"ఆ... అలాంటిదే."

ఈ రెండో మాట మాత్రం పచ్చి అబద్ధం. ఎవరు అడగమన్నారు, ఎవరు చెప్పమన్నారు? హెడ్మిస్ట్రెస్సుకు అతని ఫైలు తెలుసు. చదివింది, పక్కన పెట్టింది, ఎవరితోనూ అనలేదు. అనవలసినంత విశేషం అందులో ఉందని ఆవిడకు తోచలేదు. నిజం చెబితే స్టాఫ్ రూములో ఓ పూట చెప్పుకునేవాళ్ళు, మరునాటికి మరిచిపోయేవాళ్ళు. కాని గంటయ్యకు ఆ స్టూలంటే సిగ్గు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి తలుపు గడియలు చూసుకునేవాడు, అలవాటు. హెడ్మిస్ట్రెస్సు వరండాలో కనబడితే గబుక్కున లేచి నిలబడేవాడు, అదీ అలవాటే. "ఎంత వినయమండీ మీకు!" అనేవాడు సోషల్ మాస్టారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు గంటయ్య వెంటనే కూర్చునేవాడు.

పాఠం మాత్రం బాగా చెప్పేవాడు. కాగితాలు చించి పంచేవాడు. "కిందివాళ్ళు?" అనేవాడు. "ఒకింటివాళ్ళు కావాలి సార్!" అని ఆరో తరగతి మొత్తం పైకప్పు ఎగిరిపోయేలా అరిచేది. మిగతా మాస్టార్లు కిటికీలోంచి చూసేవాళ్ళు.

"ఎక్కడ పట్టారండీ ఈ మాట?" అన్నాడు సోషల్ మాస్టారు.

"ఏదో... తట్టిందండీ."

అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు.

ఏడాది తిరిగింది. పాత బడిలో పిల్లలు తగ్గిపోయి, దాన్ని మూసి, ఉన్నవాళ్ళను తలో బడికీ సర్దారు. ఒక సోమవారం ఇంటర్వెల్‌లో స్టాఫ్ రూములోకి మంచినీళ్ళ గ్లాసులతో కొత్త ఆయా వచ్చింది. గంటయ్య తలెత్తి చూశాడు.

అక్క!

ఆవిడ మొహం ఎలా వెలిగిందంటే, గ్లాసులు చేతిలో లేకపోతే పరిగెత్తుకు వచ్చేది. నోరు తెరిచింది కూడా. 'త' అనే అక్షరం పెదవుల దాకా వచ్చేసింది. పక్కన సోషల్ మాస్టారు. ఎదురుగా మరో నలుగురు. గంటయ్య చూపు దించి ముందున్న నోటుపుస్తకం తెరిచాడు.

"ఏమ్మా, కొత్తగా వచ్చావా నువ్వు?" అన్నాడు.

'నువ్వు' ఎప్పుడూ అన్నదే. ఇరవై రెండేళ్ళూ 'నువ్వు' అనే అన్నాడు. పక్కన 'అక్కా' ఉన్నంతకాలం అది చనువు. దాన్ని తీసేసి 'అమ్మా' పెట్టేసరికి ఆ 'నువ్వే' ఎక్కడో కింద ఉన్న మనిషిని పిలిచినట్టయింది. మన భాషలో ఇంత చిన్న కత్తి ఉంది, మనం చూసుకోం.

 ఆవిడ గ్లాసు తీసి అతని ముందు పెట్టింది.

"అవును సార్" అంది.

ఆ నీళ్ళు అతను తాగలేదు. 

ఆ సాయంత్రం వరండాలో ఎవరూ లేకుండా చూసి, గదులు తుడుస్తున్న ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. "అక్కా, అది... వాళ్ళందరూ ఉన్నారని..." అన్నాడు.

"కాళ్ళు కాస్త అవతలికి తియ్యండి సార్. తడి చేస్తున్నా."

కోపంగా అనలేదు. విసురుగా కూడా అనలేదు. ఏ మాస్టారితోనైనా అన్నట్టే అంది. ఆ రోజు నుంచి గంటయ్యకు ఒకటే యావ. ఆ నోటినుంచి 'తమ్ముడూ' అని మళ్ళీ ఒక్కసారి వినాలి. దాని కోసం ఏమి చెయ్యాలో అతనికి తెలుసు. తెలిసీ, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని తిరిగాడు. రేపు చెబుదాం అనుకునేవాడు. ఆ రేపటికి ఇంకో రేపు ఉండేది.

రెండు నెలల తరువాత ఇన్‌స్పెక్షనుకు ఆఫీసరు వచ్చాడు. తిన్నగా ఆరో తరగతికి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. వెంట హెడ్మిస్ట్రెస్సు, సోషల్ మాస్టారు. గంటయ్య చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఆఫీసరు తనే లేచి బోర్డు మీద రాశాడు, సగం, మూడో వంతు, మధ్యలో కూడిక గుర్తు.

"ఎవరు చెబుతారు?"

కొత్త మనిషిని చూసి పిల్లలు బిగుసుకుపోయారు. మూడో బెంచీ పిల్ల ఒకర్తి లేచి, "ఐదింట రెండు సార్" అంది. గంటయ్య ప్రాణం అక్కడే పోయింది. మరో ఇద్దరు కూడా అదే అన్నారు.  అప్పుడే సంతకాల రిజిస్టరు పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన అక్క బోర్డు వంక చూసింది. తనను ఎవరూ అడగలేదని కూడా మరిచిపోయింది పాపం.

"కలిపితే తగ్గిందేంటర్రా? కిందివాళ్ళు ఒకింటివాళ్ళు అవలేదుగా ఇంకా!"

ఆఫీసరు తిరిగి చూశాడు. "ఎవరీవిడ? ఈవిడకెలా తెలుసు?"

ఇప్పుడు. ఇప్పుడు చెప్పాలి. 'ఈ పాఠం నేను మొదట చెప్పింది ఈవిడకే సార్, ఆ మాట కూడా ఈవిడదే' అనాలి. రెండు వాక్యాలు. గంటయ్య నోరు తెరిచాడు.

"ఆయా అండీ. రోజూ గుమ్మంలో నిలబడి వింటుంటుంది. పని తక్కువ, వినడం ఎక్కువ."

ఆఫీసరు పకపకా నవ్వాడు. సోషల్ మాస్టారు నవ్వాడు. వాళ్ళు నవ్వారు కనుక పిల్లలూ నవ్వారు. అక్క రిజిస్టరు బల్ల మీద పెట్టి, తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్ళిపోయింది.

అక్కడితో అయినా బాగుండేది. మరునాడు పొద్దున ప్రార్థన దగ్గర హెడ్మిస్ట్రెస్సు ఆఫీసరు రాసిన మాటలు చదివి వినిపించింది. 'లెక్కల ఉపాధ్యాయుని బోధన ప్రశంసనీయం. చదువులేని ఆయాకు సైతం భిన్నాలు అర్థమయ్యేంత సులభంగా చెబుతున్నారు.' బడంతా చప్పట్లు. వరసల చివర ఒకటో తరగతి పిల్లాణ్ణి చంకనేసుకుని నిలబడిన ఆయా కూడా, ఒక చెయ్యి ఖాళీ లేక, ఆ పిల్లాడి వీపు మీదే తట్టింది.

గంటయ్యకు ఆ చప్పట్లు చెంపల మీద పడ్డట్టే ఉంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంటికి వెళ్ళి మూడు రోజులు సరిగ్గా తినలేదు. నాలుగోరోజు భార్య కంచం ముందు కూర్చోబెట్టి నిలదీసింది. అక్క ఆ బడికి వచ్చిందన్న సంగతే అతను ఇంట్లో చెప్పలేదు. అక్క చేతుల మీద పెరిగిన పిల్ల, అతని కూతురు, పక్క గదిలో చదువుకుంటోంది. గొంతు తగ్గించి మొదటినుంచీ చెప్పాడు.  అంతా విన్నాక భార్య అంది.

"ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళను చూశాను. ఆ తెప్పనే పట్టుకుని 'నువ్వెవరమ్మా' అని అడిగినవాణ్ణి మిమ్మల్నే చూస్తున్నానండీ."

"ఏం చెయ్యమంటావు?"

"నన్నడుగుతారేం? ఇల్లు తెలుసుగా."

ఆదివారం పొద్దున్నే వెళ్ళాడు. మూడో అంతస్తులో ఒక్క గది. అంతకుముందు ఎన్నిసార్లు వచ్చాడో, ఎన్నిసార్లు ఆ గచ్చు మీద పడుకుని పరీక్షలకు చదివాడో లెక్కలేదు. అక్క తలుపు తీసింది. చూసింది. ఉన్న ఒక్క కుర్చీ మీది బట్టలు తీసి, కొంగుతో దుమ్ము తుడిచింది.

"కూర్చోండి సార్."

గంటయ్య కూర్చోలేదు. గుమ్మం దగ్గర నేల మీదే కూలబడ్డాడు. నలభై ఏడేళ్ళ మనిషి, మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు.

"తప్పయిపోయిందక్కా. నన్ను నాలుగు తిట్టు. కొట్టినా సరే. ఆ 'సార్' ఒక్కటీ వద్దు."

ఆవిడ స్టవ్వు దగ్గరికి వెళ్ళి పాలగిన్నె దించింది. తిరిగి వచ్చి మంచం అంచున కూర్చుంది.

"మొదటి రోజు నాకు కోపం రాలేదు సార్. కొత్త చోటు, భయపడ్డారనుకున్నా. ఆ ఆఫీసరు నవ్వినప్పుడు కూడా రాలేదు. ఆయనకు నేనెవరు? కాని పిల్లలు మీ మాట పట్టుకున్నారు. ఆ మూడో బెంచీ పిల్ల లేదూ, నేను కనపడితే చాలు, 'పని తక్కువ, వినడం ఎక్కువ' అని పాట కట్టి పాడుతోంది. మొన్న ఒకటో తరగతివాడు కూడా పాడాడు. వాడికి లాగు నేనే తొడుగుతా."

గంటయ్యకు ఇది తెలియదు. భూమి బద్దలై తనను మింగేస్తే బాగుండుననిపించింది.

"నేను చెబుతానక్కా వాళ్ళకి. అక్కా, నన్ను క్షమించానని ఒక్క మాట..."

"ఇక్కడ అక్కా అనడానికేముంది సార్? ఇక్కడ ఎవరున్నారు? నాలుగు గోడలు. గోడల ముందు ఎవరైనా అంటారు." ఆవిడ లేచి స్టవ్వు వైపు నడిచింది. "అక్కడ అనండి. అప్పుడు చూద్దాం."

కాఫీ ఇచ్చింది. తాగాడు. మెట్లు దిగుతుంటే ఏదో బరువు దిగినట్టే అనిపించింది. ఉపాయం దొరికింది కదా, ఇక చెయ్యడమే. ఆదివారమంతా వాక్యాలు కూర్చుకున్నాడు. 'ఈవిడ నాకు అక్క. నేను ఇరవై రెండేళ్ళు అటెండర్ని. ఈవిడ నా బదులు గంట కొడితే నేను చదువుకున్నాను. ఒకింటివాళ్ళు అన్న మాట ఈవిడదే.' నాలుగు వాక్యాలు. భార్యకు అప్పజెప్పాడు కూడా. "బాగుంది. రేపు నీళ్ళు నమలకండి" అందావిడ.

సోమవారం ఇంటర్వెల్. స్టాఫ్ రూములో ఆరుగురున్నారు. అక్క టీ కప్పుల ట్రేతో లోపలికి వచ్చింది. గంటయ్య కుర్చీ వెనక్కి నెట్టి లేచి నిలబడ్డాడు. కుర్చీ కిర్రుమంది. అందరూ తలెత్తారు.

"అక్కా" అన్నాడు.

పిలిచాడు. గట్టిగానే పిలిచాడు. అక్క ట్రేతో సహా ఆగిపోయింది. ఆవిడ కళ్ళల్లోకి నీళ్ళు వచ్చాయి, అవి అందరికీ కనబడకుండా కప్పుల వంక చూసింది.

"అక్కా?" సోషల్ మాస్టారు కళ్ళజోడు పైకి తోశాడు. "ఏంటి సార్, మీ బంధువా ఈవిడ?"

మొదటి వాక్యం నాలుక మీదే ఉంది. 'ఈవిడ నాకు అక్క.' చెబితే రెండోది అడుగుతారు, ఎలా అక్క అని. రెండో వాక్యంలో స్టూలు ఉంది. గంటయ్య ఆరుగురి మొహాలూ చూశాడు. సోషల్ మాస్టారికి ఏడాదిగా సూపరింటెండెంటుగా ఉన్నాడు తను. అక్క కదలకుండా నిలబడింది. కప్పుల్లోంచి ఆవిరి పోతోంది. తొందరేమీ లేదన్నట్టు, ఎంతసేపైనా ఉంటానన్నట్టు నిలబడింది. అతని వంకే చూస్తోంది.

"అంటే..." అన్నాడు గంటయ్య. "అదేనండీ... అంటే..."

ఇంకొంచెం సేపు ఆగింది ఆవిడ. ఆ తరువాత ఆవిడకు అర్థమైంది. సోషల్ మాస్టారి వైపు తిరిగి నవ్వింది.

"బంధువేం కాదండీ. సార్ మనసు మంచిది. నాలాంటివాళ్ళను కూడా అక్కా అంటారు."

"అబ్బ!" అన్నాడు సోషల్ మాస్టారు. "చూశారా, ఎంత సంస్కారమో! పెద్ద ఉద్యోగం చేసివచ్చిన మనిషి, ఆయాని అక్కా అంటున్నారు. మనం ఒక్కళ్ళమైనా ఎప్పుడైనా అన్నామా?"

మిగతావాళ్ళు అవునవునన్నారు. అక్క ఒక్కొక్కరి ముందూ కప్పు పెట్టింది. గంటయ్య సాసర్లో కొంచెం టీ ఒలికితే కొంగుతో తుడిచి మరీ పెట్టి, ఖాళీ ట్రే తీసుకుని వెళ్ళింది.

"మీ దగ్గర నేర్చుకోవాలండీ మేమంతా" అన్నాడు సోషల్ మాస్టారు.

గంటయ్య కాదనలేదు.